నడిబొడ్డు లేని జిల్లా: వరంగల్ రూరల్ చరిత్ర

2016 అక్టోబరు 11, విజయదశమి నాడు తెలంగాణలో ఒకేసారి 21 కొత్త జిల్లాలు వచ్చాయి. పది జిల్లాల రాష్ట్రం ముప్పై ఒక్క జిల్లాల రాష్ట్రమైంది. 51 మండలాల పాత వరంగల్ జిల్లా నుంచి చేర్యాల, మద్దూరు వైపు సిద్దిపేటకు వెళ్లిపోగా, తక్కినదంతా ఇరుగుపొరుగు జిల్లాల మండలాలు కొన్ని కలుపుకొని అయిదు జిల్లాలుగా విడిపోయింది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అనేవి ఆ అయిదు. వీటిలో మొదటి మూడూ ఆ పేర్లతోనే నేటికీ ఉన్నాయి. అర్బన్ జిల్లా హన్మకొండ అయింది. రూరల్ జిల్లా మాత్రం అయిదేళ్లయినా నిండకుండానే, 2021 ఆగస్టులో, పేరూ హద్దులూ రెండూ మారిపోయి పాత పటాల్లోకి చేరుకుంది. ఇంత తక్కువ కాలం బతికిన జిల్లాకు చరిత్ర ఎందుకని అడగవచ్చు. పాలనకు హద్దులు గీసేటప్పుడు ఏ పొరపాటు చేయకూడదో మన రాష్ట్రంలో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి లేదు కాబట్టి. పల్లెలు ఏ పట్టణాన్ని ఆనుకుని బతుకుతున్నాయో ఆ పట్టణాన్ని హద్దు అవతల ఉంచి, మిగిలిన మండలాలను ఒకచోట చేర్చి జిల్లా అని పేరు పెడితే అది నిలవదు. వరంగల్ రూరల్ కథ సారాంశమంతా నా దృష్టిలో ఇదే.

ఆ జిల్లా ఉనికి ఎంత పలచనిదో ఒక్క విషయం చాలు చెప్పడానికి. అది ఏ జనగణనలోనూ జిల్లాగా లెక్కకు రాలేదు. 2011 జనాభా లెక్కల నాటికి అది పుట్టలేదు. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి, ఈలోగా జిల్లాయే లేకుండా పోయింది. సుమారు ఏడు లక్షల జనాభా అని మనం చదివే అంకె కూడా 2011 నాటి మండలాల లెక్కలను తరువాత కూడి తేల్చిందే. అయినా గుర్తులు మిగిలాయి. రవాణా శాఖ రూరల్ జిల్లాకు టీఎస్ 24 అనే సంఖ్య ఇచ్చింది. భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27. పాత వరంగల్‌కు ఉన్న టీఎస్ 03 అర్బన్‌కే ఉండిపోయింది. 2018లో పరకాలలో కొన్న ట్రాక్టరు నంబరు ప్లేటు మీద 24 ఉంటుంది, ఆ ట్రాక్టరు ఇవాళ తిరిగేది హన్మకొండ జిల్లాలో. ఆ ఏడాది వేసవిలో రైతుబంధుతో పాటు పంచిన పట్టాదారు పాసుపుస్తకాలదీ అదే పరిస్థితి. చేనూ కదలలేదు, రైతూ కదలలేదు, పుస్తకం మీద అచ్చయిన జిల్లా మాత్రం లేదు.

హద్దులు మారడం మనకు కొత్త కాదు కదా అనేవాళ్లున్నారు. నిజమే, ఈ ప్రాంతం హద్దులు ఎప్పుడూ స్థిరంగా లేవు. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరతనాన్ని ఎదిరించిన పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోది. అందుకే సాయుధ పోరాట చరిత్రలన్నీ వాటిని నల్లగొండ ఖాతాలో రాస్తాయి. 1947 సెప్టెంబరు 2న జెండా పట్టుకుని వచ్చిన జనంపై కాల్పులు జరిగిన పరకాల అప్పట్లో కరీంనగర్ జిల్లా. 1953 అక్టోబరు 1న ఖమ్మం, మధిర, ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపహాడ్ తాలూకాలను విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. ఆ మార్పుల కాలంలోనే నల్లగొండ నుంచి జనగామ, కరీంనగర్ నుంచి పరకాల వచ్చి వరంగల్‌లో చేరాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఇన్ని మార్పులు జరిగినా ఒక సూత్రం మాత్రం తప్పలేదు. తాలూకాకు ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్లో కచేరీ, ఠాణా, అంగడి ఉండేవి. ఊరు చిన్నదైనా సరే, ఆ తాలూకా పల్లెల దారులు అక్కడికే చేరేవి. పాకాల తాలూకాకు నర్సంపేట అలాంటి ఊరు. హద్దు ఎటు జరిగినా జనం ఆ ఊరితో పాటే జరిగారు. 2016లో వరంగల్ చుట్టూ గీసిన గీత ఈ సూత్రాన్నే పక్కన పెట్టింది. హద్దులు ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి కాబట్టి ఇదీ అలాంటిదే అనుకోవడం ఆ తేడాను చూడకపోవడమే.

ఆ గీత ఎలా వచ్చిందో చూద్దాం. 2016 ఆగస్టు 22న ప్రభుత్వం ముసాయిదా ప్రకటించి ముప్పై రోజులు అభ్యంతరాలు కోరింది. ముసాయిదాలో ఉన్నవి 27 జిల్లాలే, జనగామ వాటిలో లేదు. దాన్ని యాదాద్రిలో కలపాలనుకున్నారు. హన్మకొండ, వరంగల్ రెండు వేర్వేరు జిల్లాలుగా కనిపించాయి. ఈ రెండు ప్రతిపాదనలనూ జనం ఒప్పుకోలేదు. జనగామలో నెలల తరబడి బందులు, రాస్తారోకోలు, నిరసనలు సాగాయి, పట్టణంలో నిషేధాజ్ఞలు పెట్టేదాకా వెళ్లింది. చివరకు గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లతో పాటు జనగామ కూడా జిల్లా అయింది. ఇటు వరంగల్‌లో వాదన వేరు. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిస్తేనే నగరం. చదువులు, ఆఫీసులు హన్మకొండలో, ధాన్యం మిర్చి పత్తి అమ్మే ఏనుమాముల మార్కెట్టు, ఎంజీఎం ఆసుపత్రి వరంగల్‌లో, పెద్ద రైల్వే జంక్షను కాజీపేటలో ఉన్నాయి. ఒకే ఇంటివాళ్లు పొద్దున్నే మూడు దిక్కులా పనికి పోయి సాయంత్రానికి ఒకే ఇంటికి చేరే నగరమది. దాన్ని రెండు జిల్లాలుగా కోయొద్దని జనం గట్టిగా అడిగారు. ఆ కోరిక న్యాయమైనదే. ప్రభుత్వం నగరాన్ని కలిపే ఉంచింది. అర్బన్ జిల్లా పేరిట మూడు పట్టణాలనూ, పశ్చిమాన కరీంనగర్ నుంచి తెచ్చిన ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలనూ కలిపి 11 మండలాలతో ఒక జిల్లా చేసింది. నగరానికి ఉత్తరాన, తూర్పున, దక్షిణాన మిగిలిన 15 మండలాలను మరో జిల్లా అంది. తరువాత నడికూడ మండలం ఏర్పడి అవి 16 అయ్యాయి. న్యాయమైన కోరికను మన్నించే క్రమంలో దాని భారమంతా చుట్టుపక్కల పల్లెల మీద పడింది.

ఆ 16 మండలాలనూ పటం మీద చూస్తే నెలవంక ఆకారం కనబడుతుంది. పై కొసన పరకాల, నడికూడ, శాయంపేట, ఆత్మకూరు, దామెర ఉంటాయి. నడుమ గీసుగొండ, సంగెం, తూర్పున దుగ్గొండి, నల్లబెల్లి, నర్సంపేట, ఖానాపూర్, చెన్నారావుపేట, నెక్కొండ ఉంటాయి. కింది కొసన పర్వతగిరి, వర్ధన్నపేట, రాయపర్తి. నెలవంక ఒడిలో ఉన్నది నగరం, అది అప్పట్లో మరో జిల్లా. పరకాల మనిషి రాయపర్తి పోవాలంటే హన్మకొండ బస్టాండులో దిగి మరో బస్సు ఎక్కాలి, అంటే సొంత జిల్లాలో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లడానికి పక్క జిల్లా దాటాల్సి వచ్చేది. రూరల్ జిల్లా కలెక్టరు కార్యాలయం, ఇతర జిల్లా కార్యాలయాలు నడిచింది కూడా నగరంలోనే, అంటే జిల్లా హద్దుకు బయటే. సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టుకోవడానికి నర్సంపేట వైపు రైతు, పరకాల వైపు చేనేత కార్మికుడు ఇద్దరూ వచ్చేది నగరానికే. ఆ ఇద్దరికీ పరస్పరం ఏ వ్యాపార సంబంధమూ లేదు, ఒకే అంగడి లేదు, ఒకే దారి లేదు. ఇద్దరినీ కలిపేది నగరం ఒక్కటే, దాన్ని వాళ్ల జిల్లాలోంచి తీసేశారు. ఇరుసు లేకుండా చక్రం బిగించడమంటే ఇదే.

పక్కనున్న మూడు జిల్లాలతో పోలిస్తే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. జనగామ చిన్న జిల్లా, జనాభా అయిదున్నర లక్షల పైచిలుకు. కానీ హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి, సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గం రెండూ జనగామ పట్టణం మీదుగానే పోతాయి. బచ్చన్నపేట, నర్మెట, దేవరుప్పుల, లింగాలఘనపూర్ రైతులు సరుకు తెచ్చేది జనగామ అంగడికి. జిల్లా కాకముందే అది చుట్టుపక్కల పల్లెలకు పెద్ద ఊరు. జనం ఇంకా మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌ది విజయవాడ లైను. కేసముద్రం, డోర్నకల్ కూడా ఆ పట్టాల మీదివే. ఖమ్మం నుంచి విడదీసి గార్ల, బయ్యారం మండలాలను అందులో కలిపితే అవి ఇమిడిపోయాయి. ఎందుకంటే ఆ రైలుదారి ముందే వాటిని మానుకోటతో కలిపింది. భూపాలపల్లికి రైలు లేదు. కానీ సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, వాటి జీతాలతో పెరిగిన బజారు ఉంది. ఈ మూడూ లోపాలు లేని జిల్లాలని నేననను. అయితే ఒక్కోదానికి ఒక ఊరుంది, ఆ ఊరికి సొంత బతుకుతెరువు ఉంది. రూరల్ జిల్లాలో నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట అనే మూడు పట్టణాలున్నా ఏ ఒక్కటీ మిగతా రెండింటికి పెద్దన్న కాదు. మూడూ నగరం వైపే చూస్తాయి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. నగరంతో కలిపి ఉంచితే నిధులు, అధికారుల సమయం, మంత్రుల దృష్టి అన్నీ నగరమే మింగేస్తుంది. పల్లెలకు విడి జిల్లా ఉంటే వాటి కోసమే ఒక కలెక్టరు, ఒక వ్యవసాయాధికారి, ఒక జిల్లా పరిషత్తు ఉంటాయి. ఈ వాదనలో నిజం లేకపోలేదు. పాత ఉమ్మడి జిల్లాలో 12,846 చదరపు కిలోమీటర్లకు, 35 లక్షల మందికి ఒకే కలెక్టరు. పాకాల చెరువు కింద ఖానాపూర్ రైతు సమస్య నగరంలో డ్రైనేజీ గొడవతో పోటీపడి గెలవడం కష్టమే. కానీ ఆ కష్టానికి మందు పల్లెల నుంచి పట్టణాన్ని వేరు చేయడం కాదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ దీనికి మందు ముందే చెప్పింది. 243జడ్‌డీ అధికరణం ప్రతి జిల్లాలో ఒక ప్రణాళికా సంఘం ఉండాలంటుంది. పంచాయతీల ప్రణాళికలను, మున్సిపాలిటీల ప్రణాళికలను కలిపి జిల్లా అంతటికీ ఒకే ముసాయిదా తయారు చేయడం దాని పని. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల మందిని జిల్లా పరిషత్తు సభ్యులు, మున్సిపల్ సభ్యులు తమలోంచి ఎన్నుకోవాలి, అదీ గ్రామీణ, పట్టణ జనాభా నిష్పత్తి ప్రకారం. నీళ్లు, రోడ్లు, మార్కెట్లు, చెత్త పారబోసే స్థలం లాంటి పట్టణానికీ పల్లెకూ ఉమ్మడిగా ఉన్న విషయాలను ఒకే బల్ల ముందు కూర్చుని మాట్లాడుకోమని చట్టం అంటోంది. పట్టణమంతా ఒక జిల్లా, పల్లెలన్నీ ఇంకో జిల్లా చేశాక ఆ బల్ల ముందు కూర్చునేదెవరు? రూరల్ పరిషత్తు సభ్యుడికి నగర కార్పొరేటరుతో కలిసి కూర్చునే వేదికే లేకుండా పోయింది. పల్లె గొంతు పెంచుతామని చేసిన పని, ఆ గొంతు వినాల్సినవాళ్లను గది బయట పెట్టింది.

నగరం మాత్రం గీత దగ్గర ఆగలేదు. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థలో 42 గ్రామాలు ముందే కలిసి ఉన్నాయి. గీసుగొండ మండలంలోని గొర్రెకుంట, ధర్మారం పరిస్థితి చూడండి. అవి అప్పట్లో నగరపాలక సంస్థ పరిధిలోనూ, రూరల్ జిల్లాలోనూ ఉండేవి. అక్కడి ఇంటి పన్ను నగరానికి చెల్లించాలి, కుల ధ్రువపత్రం రూరల్ జిల్లా తహసీల్దారు దగ్గర తీసుకోవాల్సి వచ్చేది. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల మధ్య శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు అప్పట్లో కాగితం మీద రూరల్ జిల్లా సంపద. దానికి కావాల్సిన కూలీల బస, రైల్వే స్టేషను, ఆసుపత్రి, కాలేజీ అన్నీ పక్క జిల్లాలో ఉండేవి. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధి అర్బన్, రూరల్, జనగామ మూడు జిల్లాల్లోకీ పాకింది. ఆర్టీసీ వరంగల్ రీజియన్‌ను ముక్కలు చేయలేదు. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం పోలీసు శాఖ. 2015లో ఏర్పడిన వరంగల్ పోలీసు కమిషనరేట్ 2016 తరువాత అర్బన్, రూరల్, జనగామ మూడింటినీ తన కిందే ఉంచుకుంది. భూపాలపల్లికి, మహబూబాబాద్‌కు ఎస్పీలు వచ్చారు, రూరల్‌కు రాలేదు. బస్సు నడిపేవాళ్లు, నేరం పట్టేవాళ్లు, లేఅవుట్లు మంజూరు చేసేవాళ్లు ఎవరికి వారే ఈ ప్రాంతమంతా ఒకటేనని గుర్తించారు. రెవెన్యూ శాఖ మాత్రం రెండంది.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో 1894 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం దేశాన్ని పట్టణ జిల్లాలుగా, గ్రామీణ జిల్లాలుగా విడదీసింది. ఎన్నో చోట్ల గ్రామీణ జిల్లా ఒక పట్టణాన్ని చుట్టుకుని ఉండేది, దాని ఆఫీసు ఆ పట్టణంలోనే, అంటే తన పరిధికి బయట ఉండేది. ఎనభై ఏళ్ల తరువాత 1974లో వాటిని రద్దు చేశారు. అంతకు ముందు, 1969లో, రెడ్‌క్లిఫ్-మాడ్ కమిషన్ పట్టణాన్నీ పల్లెనూ విడదీసి పాలించడం ఆ వ్యవస్థ ప్రధాన లోపాల్లో ఒకటని తేల్చింది. మనకు దగ్గర్లో బెంగళూరు రూరల్ ఉంది. 1986లో ఏర్పడిన ఆ జిల్లాకు మూడు దశాబ్దాల పాటు జిల్లా కార్యాలయాలు బెంగళూరు నగరంలోనే నడిచాయి. తరువాతే దేవనహళ్లి దగ్గర సొంత భవనం వచ్చింది. 2007లో అందులోంచి రామనగర విడిపోయింది. 2025 జూలైలో కర్ణాటక మంత్రివర్గం దాని పేరును బెంగళూరు ఉత్తరంగా మార్చాలని నిర్ణయించింది.

అలాగైతే రంగారెడ్డి జిల్లా 38 ఏళ్లు ఎలా నిలిచిందని అడుగుతారు. 1978 ఆగస్టు 15న హైదరాబాదును చుట్టుకుని పుట్టిన ఆ జిల్లా కూడా మధ్యలో నగరం లేని జిల్లాయే. దాని కలెక్టరేట్ కూడా 2022 దాకా నగరంలోనే ఉండి, ఆ ఏడాది కొంగరకలాన్‌కు మారింది. ఈ ప్రశ్న తేలిగ్గా తీసేయదగింది కాదు. కానీ రంగారెడ్డి నిలవడానికి కారణం నగరం దాని లోపలికి పొంగి రావడం. కూకట్‌పల్లి, ఎల్బీ నగర్, మల్కాజ్‌గిరి ఆ జిల్లాలోనే నగరాలయ్యాయి. దూరంగా ఉండిపోయిన వికారాబాద్, తాండూరు జనానికి మాత్రం జిల్లా ఆఫీసంటే లక్డీకాపూల్ దాకా ప్రయాణమే. ఆ బాధ 2016లో వికారాబాద్ జిల్లా అయ్యాకే తీరింది. రంగారెడ్డి అనుభవం నా వాదనను కాదనడం లేదు. చుట్టూతా ఉన్న జిల్లాలోకి పట్టణం రానంతకాలం దాని పల్లెలకు కేంద్రం ఉండదని అదీ చెబుతోంది.

చిన్న జిల్లాలే తప్పంటున్నానని అనుకోవద్దు. భూపాలపల్లి అందుకు ఎదురు సాక్ష్యం. 2016లో అది 20 మండలాల జిల్లా. కరీంనగర్ నుంచి మహదేవపూర్, కాటారం వైపు మండలాలు, ఖమ్మం నుంచి గోదావరి అవతలి వెంకటాపురం, వాజేడు మండలాలు వచ్చి కలిశాయి. వాజేడు మనిషి భూపాలపల్లి చేరాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, దారిలో ములుగు అడవి. 2018లో కేంద్రం ఆకాంక్షిత జిల్లాల జాబితాలో దాన్ని చేర్చింది. ములుగు ప్రజలు మొదటి నుంచీ విడి జిల్లా అడుగుతూ వచ్చారు, 2019 ఫిబ్రవరి 17న సాధించుకున్నారు. రెండు జిల్లాలూ ఇప్పుడు చిన్నవే, చిన్నవైనందుకు ఎవరూ విచారించడం లేదు. తాడ్వాయి, ఏటూరునాగారం దారులు ములుగుకు చేరతాయి. అదే దాని బలం. అయితే ఒక మాట చెప్పాలి. జయశంకర్ సారు పుట్టిన అక్కంపేట ఆత్మకూరు మండలంలో ఉంది. అది ఆయన పేరు పెట్టిన జిల్లాలో ఎన్నడూ లేదు, మొదట రూరల్‌లో ఉండి ఇప్పుడు హన్మకొండలో ఉంది. పేర్లు పెట్టినంత శ్రద్ధ గీతలు గీయడంలో పెట్టలేదని ఆ ఊరి వాళ్లు అనుకుంటే తప్పు పట్టలేను.

2021 జూన్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ హన్మకొండలో అర్బన్ జిల్లా కొత్త కలెక్టరేటును ప్రారంభిస్తూ అర్బన్, రూరల్ పేర్లు ఉండబోవని ప్రకటించారు. జూలైలో ముసాయిదా, ఆగస్టులో తుది ఉత్తర్వు వచ్చాయి. పరకాల, నడికూడ, దామెర, ఆత్మకూరు, శాయంపేట హన్మకొండలో కలిశాయి. బదులుగా వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు నర్సంపేట, వర్ధన్నపేట వైపు వచ్చాయి. 14 మండలాల హన్మకొండ, 13 మండలాల వరంగల్ ఏర్పడ్డాయి. పల్లెల వైపు నుంచి చూస్తే ఇది సరైన దిద్దుబాటు. పరకాల వాళ్లకు హన్మకొండ, నర్సంపేట వాళ్లకు వరంగల్ ఎప్పటినుంచో సహజమైన గమ్యాలు, ఇప్పుడు పాలన ఆ దారిన పడింది. కానీ 2016లో జనం వద్దన్నదే అయిదేళ్లకు జరిగింది, నగరం రెండు జిల్లాలైంది. మొదటే ఒక వరంగల్ జిల్లాను నగరంతో, దాని చుట్టూ ఉన్న మండలాలతో కలిపి ఉంచి ఉంటే ఈ రెండు నష్టాల్లో ఏదీ ఉండేది కాదు. అర్బన్, రూరల్ కలిపినా జనాభా 18 లక్షల చుట్టుపక్కలే, 35 లక్షల పాత జిల్లాలో దాదాపు సగం. అంత పెద్ద జిల్లాలు దేశంలో కొల్లలు.

పేరు మారితే ఏం నష్టం, పని ఆగిందా అనే మాట కూడా వినిపిస్తుంటుంది. నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. స్థానిక పాలననే తీసుకోండి. రెవెన్యూ జిల్లాలు 2016లో వచ్చినా పాత ఉమ్మడి జిల్లా పరిషత్తే 2019 దాకా అన్ని కొత్త జిల్లాలకూ కొనసాగింది. రూరల్ జిల్లాకు సొంత పరిషత్తు 2019 ఎన్నికలతో వచ్చింది. శాయంపేట నుంచి జెడ్పీటీసీగా గెలిచిన గండ్ర జ్యోతి దానికి ఛైర్‌పర్సన్. రెండేళ్లు దాటగానే శాయంపేట వేరే జిల్లాకు వెళ్లింది. 2024 జూలైలో పదవీకాలం ముగిసేదాకా, ఏ జిల్లా పేరిట ఎన్నికైందో ఆ జిల్లా లేని పరిషత్తుగా అది నడిచింది. శాసనసభ నియోజకవర్గాలు 2008 నాటి పునర్విభజనవే కాబట్టి చిక్కు ఇంకా పెరిగింది. పాలకుర్తి నియోజకవర్గంలో పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల జనగామ జిల్లాలో ఉంటే, తొర్రూరు, పెద్దవంగర మహబూబాబాద్‌లో, రాయపర్తి మొదట రూరల్‌లో, ఇప్పుడు వరంగల్‌లో ఉన్నాయి. ఒక ఎమ్మెల్యే ముగ్గురు కలెక్టర్ల సమీక్షలకు వెళ్లాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఉద్యోగాల కోసం జోన్లు చేసినప్పుడు రూరల్, అర్బన్, మహబూబాబాద్ భద్రాద్రి జోన్లో, భూపాలపల్లి కాళేశ్వరం జోన్లో, జనగామ యాదాద్రి జోన్లో పడ్డాయి. యాదాద్రిలో కలవబోమని అంతగా పోరాడిన జనగామ చివరికి ఆ జోన్లోకే చేరింది. 2021 డిసెంబరులో 317వ జీవో ప్రకారం ఉద్యోగులను, ఉపాధ్యాయులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఎంతమంది సొంత ఊళ్లకు దూరమై వీధికెక్కారో తెలిసిందే.

లెక్కల నష్టం ఇంకా లోతైనది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, 2019లో, వరంగల్ రూరల్‌ను ఒక జిల్లాగా తీసుకుని పిల్లల ఎదుగుదల, తల్లుల రక్తహీనత, టీకాలు అన్నీ లెక్కగట్టారు. ఆ అంకెలను ఇవాళ్టి వరంగల్ జిల్లా అంకెలతో పోల్చలేం. అప్పటి జిల్లాలో నగరం లేదు, ఇప్పుడు సగం నగరం ఉంది. అప్పుడున్న పరకాల వైపు ఇప్పుడు లేదు. రేపు ఎవరైనా వరంగల్ జిల్లాలో రక్తహీనత తగ్గిందని చెబితే, అది పనివల్ల తగ్గిందా, హద్దు మారినందువల్ల తగ్గినట్టు కనిపిస్తోందా అని తేల్చే వీలు లేదు. దీనివల్ల మొదట నష్టపోయేది నల్లబెల్లి, ఖానాపూర్ లాంటి అడవి అంచు మండలాలే. నగరం కలిసిన సగటులో వాటి వెనుకబాటు మునిగిపోతుంది.

అందుకే 2027 జనగణన ఫలితాలు వెలువడ్డాక జిల్లా సగటులతో సరిపెట్టకుండా, మండలాల వారీ లెక్కలను 2016కు ముందు, 2016 నుంచి 2021 దాకా, ఆ తరువాత అనే మూడు హద్దుల ప్రకారం కూడి చూపించమని రాష్ట్ర గణాంక శాఖను అడగాలి. మండలాల లెక్కలుంటే కూడిక పెద్ద పనేమీ కాదు. రెండో పని జిల్లా పరిషత్తులది. వాటి పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. మళ్లీ ఎన్నికలు జరిగి హన్మకొండ, వరంగల్ పరిషత్తులు కొలువుదీరినప్పుడు రెండింటి ప్రణాళికా సంఘాలు, నగరపాలక సంస్థ, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ కలిసి కూర్చునే ఉమ్మడి వేదిక ఏర్పాటు చేయాలి. దానికి గీత మళ్లీ మార్చనక్కర్లేదు, కొత్త భవనమూ అక్కర్లేదు. నగరం 2041 మాస్టర్ ప్లాన్‌లో ఎక్కడ రోడ్డు వస్తుంది, ఏ చెరువు శిఖం కాపాడాలి, నగరం చెత్త ఏ పల్లె పొలిమేరలో పోస్తారు అన్న నిర్ణయాలు జరిగేటప్పుడు సంగెం, దామెర, గీసుగొండ నుంచి గెలిచినవాళ్లు ఆ గదిలో ఉండాలి.